మూడో సీసా

మార్చి 3, సోమవారం

జ్వరం పోయి ఇరవై రోజులయింది. ఇవాళ మేడ మీద కాకిని నడిపాను. పదకొండు రౌండ్లు, ఎక్కడా ఆగలేదు. నా బుల్లి ఆవిరి రైలింజను చూస్తే మూరెడు లేదు, కూత మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ కూత విని, లేత్ మిషను షాపు నడిపే మా లేత్ మాస్టారే దానికి కాకి అని పేరు పెట్టాడు. బాయిలరు ఆయన చేశాడు. మిగతాదంతా ఆరేళ్ళపాటు ఆకురాయి పట్టుకుని నేను అరగదీసుకున్నాను.

బాయిలర్లో నీళ్ళు, కింద స్పిరిట్ వత్తులు. వెలిగించిన ఏడు నిమిషాలకు గేజి ముల్లు నలభైకి వస్తుంది. పిడి తిప్పితే కదులుతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆసుపత్రిలో కత్తెరలకూ గుడ్డలకూ ఆవిరి పట్టించే గదిలో పనిచేసినదాన్ని. ఆవిరి గురించి నాకు ఇంకొకరు చెప్పేదేమిటి?

కిందికి దిగేసరికి మా ఆయన వంటింటి కిటికీలు రెండూ బార్లా తెరిచి నిలబడ్డాడు.

"పాలు మాడిపోయాయే. తెలియలేదా?"

"మేడ మీదున్నదాన్ని, నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

నిజానికి పాలు పొయ్యి మీద పెట్టి, ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని వత్తులు కత్తిరించుకుని, ఆ తర్వాతే పైకి వెళ్ళాను. అది ఆయనకు చెప్పలేదు.

మార్చి 5, బుధవారం

కాఫీ వాసన వచ్చింది. వచ్చింది.

మార్చి 8, శనివారం

చెల్లెలు ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. లోపల ప్లాస్టిక్ ఇంజను, ప్లగ్గు పెడితే తిరిగేది. లోపలెక్కడో దాచిన స్పీకర్లోంచి చుక్ చుక్ అంటుంది!

"అరవై దాటాయక్కా. ఇంకా ఆ నిప్పుతో ఏమిటి చెప్పు? ఇదైతే బటన్ నొక్కితే చాలు."

"బటన్ నొక్కడానికి నేనెందుకే? నువ్వే నొక్కుకో."

"జ్వరం తర్వాత నువ్వు నీరసంగానే ఉన్నావు. బావగారు కూడా అన్నారు."

ఓహో. బావగారు కూడా అన్నారన్నమాట. నా వెనక మీటింగులు కూడా జరుగుతున్నాయి. ఒళ్ళు మండింది. అయినా పారేయలేదు, చెల్లెలు మొహం చూసి పక్క పట్టాల మీద పెట్టాను. అక్కడే ఉండనీ, నా కాకి ఎలా పరిగెత్తుతుందో చూస్తూ.

ఇరవై మూడో తేదీ ఆదివారం మన ఇంట్లో రన్. ఆవిరి ఇంజన్ల వాళ్ళం ఆరుగురం, ఏడాదికొకసారి ఒకరి ఇంట్లో. ఈసారి నా వంతు. ప్రెషరమ్మ ఇంట్లో రన్ అంటే అందరూ వస్తారు. ఆ పేరు వాళ్ళు నాకు ఎగతాళికే పెట్టారు, ఇప్పుడు భయంతో పిలుస్తారు.

మార్చి 12, బుధవారం

స్పిరిట్ సీసా మెడకు ఎవరో ఎర్రదారం కట్టారు. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉన్నది ఇద్దరం.

నీళ్ళ సీసా, స్పిరిట్ సీసా ఒకే మందుల షాపువి. రెండూ తెల్లవే, లోపలున్నదీ రంగు లేనిదే. పైన పేర్లు రాస్తే స్పిరిట్ చెయ్యి తగిలి పది రోజుల్లో చెరిగిపోతాయి. అందుకే కదా వాసన రూలు పుట్టింది. తొమ్మిదేళ్ళ కిందట లేత్ మాస్టారు నీళ్ళనుకుని తన బాయిలర్లో స్పిరిట్ పోయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపింది నేను. అందరి ముందూ చెడామడా తిట్టింది కూడా నేనే. రూలు పెట్టింది నేనే: నడిపే మనిషి సీసా మూత తీసి, వాసన చూసి, లోపలున్నదేమిటో పైకి చెప్పాలి. తర్వాత ఇంకొకరు చూసి చెప్పాలి. అప్పుడే పోయాలి.

అలాంటిదాన్ని, నాకు దారం కడతాడా? కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. అసలు బస్సులో టికెట్లు కొట్టినన్నాళ్ళూ కూడా ఆ మనిషి "ముందుకు జరగండి" తప్ప రెండో మాట మాట్లాడి ఉండడు.

మార్చి 17, సోమవారం

రెండు సీసాలూ మూత తీసి చూశాను.

స్పిరిట్ దగ్గర గట్టిగా పీలిస్తే ముక్కు లోపల చల్లగా గుచ్చుతుంది. నీళ్ళ దగ్గర గుచ్చదు. తేడా తెలిసింది కదా. అది వాసన కిందే లెక్క.

మార్చి 20, గురువారం

కాఫీ వాసన వచ్చింది. గ్లాసులో ఏముందో ముందే తెలుసు అనుకో. అయినా.

మార్చి 22, శనివారం

రేపే. పట్టాలన్నీ తుడిచాను. చెక్క స్టేషన్‌కు రంగు వేశాను. ఆరుగురి ఇంజన్లకు సరిపోవాలని ఇంకో స్పిరిట్ సీసా తెప్పించాను. అంటే స్పిరిట్ రెండు, నీళ్ళు ఒకటి.

స్పిరిట్ సీసాలు రెండింటికీ మళ్ళీ ఎర్రదారాలు! రేపు వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే ఏం చెప్పాలి? ప్రెషరమ్మకు సీసాలు గుర్తుపట్టడం రాదనా? రెండూ తెంపేశాను. బుట్ట పొద్దున నేనే సర్దుకుంటాను, ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదని కూడా గట్టిగానే చెప్పాను.

మార్చి 23, ఆదివారం

రాయను.

మార్చి 24, సోమవారం

రాస్తాను. ఎవరు చూడొచ్చారు.

పది గంటలకు అందరూ వచ్చారు. చెల్లెలు కూడా వచ్చింది. ఆయన మెట్ల దగ్గర తడి గోనెపట్టా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ మేడ ఎక్కని మనిషి, నిన్న ఎందుకు ఎక్కాడో. ఆ గోనెపట్టా ఎందుకు తెచ్చాడో.

బుట్టలోంచి సీసా తీశాను. అందరూ చూస్తున్నారు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం, అంతే, "నీళ్ళు!" అన్నాను. లేత్ మాస్టారి చేతికి ఇచ్చాను. ఆయన కూడా ముక్కు దగ్గర పెట్టుకుని "నీళ్ళే" అన్నాడు. బాయిలరు నింపాను. రెండో సీసా, "స్పిరిట్". "స్పిరిట్," అన్నాడు మాస్టారు. వత్తుల తొట్టి నింపి వెలిగించాను.

నాలుగు నిమిషాలకే ముల్లు నలభై దగ్గరికి వచ్చింది.

ఎప్పుడూ ఏడు నిమిషాలు పడుతుంది. నాకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. "ఇవాళ కాకికి మహా తొందరగా ఉంది!" అని నవ్వాను. అందరూ నవ్వారు. పిడి తిప్పాను.

స్టేషన్ దాకా వెళ్ళింది. అక్కడ సేఫ్టీ వాల్వు లేచింది. లేచింది ఆవిరి కాదు. భగ్గుమంది. పొగగొట్టంలోంచి ఒక మంట, వాల్వులోంచి ఇంకొకటి, రెండు నీలం మంటలు వేసుకుని కాకి పట్టాల మీద పరిగెత్తింది. స్టేషన్ అంటుకుంది. లేత్ మాస్టారు ఆపబోయి వంగాడు, ఆయన ఎడమ కనుబొమ్మ సగం పోయింది. చెల్లెలు ఇచ్చిన ప్లాస్టిక్ ఇంజను పైకప్పు మెత్తబడి కుంగిపోయింది. నేను కదల్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిరి గదిలో పనిచేసినదాన్ని, నిలబడి చూస్తున్నాను.

మా ఆయన గోనెపట్టా వేసి అదిమిపెట్టాడు. మంట ఆరిపోయింది. ఆయన మణికట్టు మీద బొబ్బ లేచింది.

బాయిలర్లో పోసింది స్పిరిట్. బుట్టలోని రెండు సీసాలూ స్పిరిట్‌వే. మూడో సీసా, నీళ్ళది, వంటింట్లో అలమర కింద నిండుగా అలాగే ఉంది.

"ఎవరు సర్దారు బుట్ట?" అని లేత్ మాస్టారు అడిగాడు.

"నేనే," అన్నాడు మా ఆయన. "పొరపాటున తప్పు సీసా పెట్టేశాను."

"బావగారూ, మీకు తెలియని పనిలో ఎందుకు వేలు పెట్టడం? ప్రాణాలు పోయుండేవి!" అంది చెల్లెలు.

తలా ఒక మాట అన్నారు. చివరికి, ఇకమీదట ఇంజను వెలిగించినప్పుడు ఆయన మేడ ఎక్కకూడదని తేల్చారు. ఆయన సరేనన్నాడు.

నేను పక్కనే ఉన్నాను.

మార్చి 25, మంగళవారం

ఆయనే కదా అన్నాడు. నేను అనమనలేదు.

మార్చి 26, బుధవారం

బొబ్బకు మందు రాశాను. "మంటగా ఉందా?" అంటే "లేదు," అన్నాడు. చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అంతే.

మార్చి 28, శుక్రవారం

లేత్ మాస్టారు వచ్చి బాయిలర్లోకి పంపుతో నీళ్ళు ఎక్కించి, రెండింతల ప్రెషరు పెట్టి పరీక్ష చేశాడు. ఎక్కడా చుక్క కారలేదు. కాకికి ఏమీ కాలేదు! వాల్వు లోపలి రింగు ఒక్కటే మార్చాలి. సగం కనుబొమ్మతో ఆయన మొహం ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టుంది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"మీ తప్పేముందిలే ప్రెషరమ్మగారూ. మీరు మామూలుగా నడుపుకోండి," అన్నాడు వెళ్తూ.

ఇంకేం కావాలి నాకు? ఇంజను బాగుంది. నడపొద్దని ఎవరూ అనలేదు. పేరూ పోలేదు. ఆయనే కదా అన్నాడు.

మార్చి 30, ఆదివారం

పొద్దున కాకిని పట్టాల మీద పెట్టాను. సీసా చేతిలోకి తీసుకున్నాను. మూత తీశాను. పీల్చాను. మళ్ళీ పీల్చాను. గుచ్చినట్టుంది. గుచ్చనట్టూ ఉంది. రెండో సీసా తీశాను. అదీ అంతే. పదిహేను నిమిషాలు రెండు సీసాలూ చెరో చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

"ఏవండీ," అని పిలిచాను.

మెట్ల కింద నిలబడ్డాడు. "ఏమిటి?"

"ఒకసారి పైకి రండి."

"రాకూడదన్నారు కదా," అన్నాడు. దెప్పడం కాదు. ఆ మనిషికి దెప్పడం రాదు. సరేనన్నాక ఇక సరేనే.

"ఏం లేదులెండి," అన్నాను.

ఆ సీసా పట్టుకుని పది మెట్లు దిగితే సరిపోయేది. ఇది నీళ్ళా కాదా చూడండి అని అడిగితే సరిపోయేది. అడగలేకపోయాను. కాకిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాను.

నాకు వాసన తెలియడం లేదు.

జ్వరం పోయినప్పటి నుంచీ లేదు. ఒక్క రోజు కూడా లేదు. పాలు లేదు, కాఫీ లేదు, సబ్బు లేదు. ఇంజను నడిచేటప్పుడు వేడి ఆవిరిలో కలిసి నూనె వాసన వస్తుంది చూడు, అది లేదు. పదకొండు రౌండ్లూ ఆ వాసన లేకుండానే తిప్పాను, బాగుంది బాగుంది అని రాసుకున్నాను. ఏడుపొచ్చింది. వాసన పోయినందుకు కొంత. ఆ బొబ్బ చూసీ నోరు మూసుకున్నందుకు చాలా.

ఏప్రిల్ 2, బుధవారం

కాఫీ తాగుతుండగా చెప్పేశాను. "నాకు వాసన తెలియడం లేదండీ. బుట్ట సర్దింది నేను. మీరు కట్టిన దారాలు తెంపింది కూడా నేనే."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పాలు మాడిన రోజు నుంచి."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఊరుకుంటావా? నీకు ఆ ముక్కు మీద కోపం ఒక్కటే మిగిలింది."

నవ్వాను. నవ్వుతూనే ఆయన మీద అరిచాను కూడా. అంత తెలిసినవాడివి ఆ తప్పు నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావని. కోపంలో నువ్వు అనేశాను.

"నడపనివ్వరేమోనని," అన్నాడు. "నువ్వు నడపకపోతే ఇంట్లో నాతోనే పోట్లాడుతూ కూర్చుంటావు."

ఏప్రిల్ 4, శుక్రవారం

చెల్లెలితో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వాసన తిరిగి రావచ్చునట, రాకపోవచ్చునట. ఈ మాట చెప్పడానికి డాక్టరెందుకు? దారిలో చెల్లెలు "ఇంక ఆ నిప్పు మానేస్తావు కదక్కా," అంది. మానను అన్నాను. ఆ వంకర పైకప్పు ఇంజను తీసేద్దామా అంది. దాన్ని కూడా తియ్యనన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

లేత్ మాస్టారి షాపులో మిగతా ఐదుగురినీ కూర్చోబెట్టాను. మా ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆగిపోతుంటే చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను.

"నాకు వాసన తెలియదు. రెండు నెలలయింది. ఆ రోజు నీళ్ళు అని అబద్ధం చెప్పాను. బుట్ట సర్దింది నేను. మా ఆయన సీసా ముట్టుకోలేదు," అన్నాను.

లేత్ మిషను మీద ఎవరో చేత్తో తట్టడం ఆపేశారు. లేత్ మాస్టారు తల దించుకున్నాడు.

"నేను మాత్రం?" అన్నాడు చివరికి. "ముక్కు దగ్గర పెట్టానే గానీ పీల్చలేదు. ప్రెషరమ్మ చెప్పాక ఇంకా నేను చూసేదేముందని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ అంతేనండీ."

తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళుగా రెండో మనిషి లేడన్నమాట! ఆ నిందలో సగం తను మోస్తానన్నట్టు చూశాడు. "మీ తప్పు మీది, నా తప్పు నాది, కలపకండి," అన్నాను.

వాళ్ళలో రైల్వే టైంటేబుల్ మొత్తం బట్టీపట్టిన గళ్ళచొక్కా మనిషి ఒకడున్నాడు. "పోనీలెండి, కరెంటు బండి ఉందిగా మీకు. ఈ వయసులో అదే మంచిది," అన్నాడు.

ఇదిగో, అప్పుడు వచ్చింది నాకు పాత కోపం. వారం రోజులుగా ఎక్కడికి పోయిందో పాపం.

"ముక్కు పోయింది, చేతులు పోలేదు. నా ఇంజను నేను నడుపుతాను. అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చాను. వాసన రూలు పెట్టింది నేను, తీసేస్తున్నదీ నేనే. ఇకనుంచి ప్రతి సీసాలోంచి చెంచాడు తీసి, ఇంజనుకు పది అడుగుల దూరంలో అగ్గిపుల్ల పెట్టి చూడాలి. అంటుకుంటే స్పిరిట్, అంటుకోకపోతే నీళ్ళు. దానికి ముక్కుతో పనిలేదు, ప్రెషరమ్మతో అంతకన్నా లేదు. ఈ రూలు నాకొక్కదానికే కాదు, అందరికీ. ఇంకోటి. మా ఇంటి మేడ మా ఆయన ఎక్కకూడదని చెప్పడానికి మీరెవరు?"

తర్వాత గళ్ళచొక్కా మనిషీ ఇంకొకాయనా నా రన్‌కు ఇక రామన్నారు. రాకపోతే మానేయండి అన్నాను. మిగతా ముగ్గురూ చెంచా రూలు రాసుకున్నారు. లేత్ మాస్టారు తన చొక్కా జేబులోంచి ఒక పొడుగు పిడి చెంచా తీసి నా చేతిలో పెట్టాడు. గ్రీజు తీసుకునేది. తుడిచి ఇచ్చాడనుకో.

వస్తూ దారిలో మా ఆయన, "అంత గట్టిగా అరవక్కర్లేదు," అన్నాడు. మొహంలో మాత్రం ఏదో మెరుస్తోంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మేడ మీద ఇద్దరమే. ఆయనకు స్టూలు వేశాను. సీసాలన్నిటి మెడకూ ఆయనే దారాలు కట్టాడు, ఎరుపు స్పిరిట్‌కు, తెలుపు నీళ్ళకు. ఈసారి నేను తెంపలేదు. దారాలున్నా సరే, ఆయన ముక్కు పెట్టి "నీళ్ళు," అన్నాడు. నేను చెంచాడు తీసి దూరంగా పెట్టి అగ్గిపుల్ల ముట్టించాను. పుల్ల సుయ్‌మని ఆరిపోయింది. నీళ్ళే. ఆయన మొహం చిన్నబోలేదు. తర్వాత స్పిరిట్ చెంచా భగ్గున అంటుకుంటే ఇద్దరం ఒకేసారి వెనక్కి జరిగాం.

ఏడు నిమిషాలు. గడియారం చూసి మరీ రాస్తున్నాను, ఏడు.

కాకి కూసింది. సగం కాలిన స్టేషన్ ముందునుంచి, పైకప్పు కుంగిన కరెంటు ఇంజను పక్కనుంచి పోయింది. తొలి రౌండంతా తడి గోనెపట్టా చేతిలోనే పట్టుకున్నాను. రెండో రౌండుకు కింద పెట్టాను. మూడో రౌండులో ఆవిరి మా వైపు వచ్చింది, వెచ్చగా మొహానికి తగిలింది. ఆగాను. ఏమీ రాలేదు.

"వాసన ఎలా ఉంది?" అని ఆయన్ని అడిగాను.

"బాగుంది."

"బాగుందంటే ఎలా అండీ? సరిగ్గా చెప్పండి. డైరీలో రాసుకోవాలి."

కాకి ఇంకో చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాడు. వంగి, ఆవిరిలో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చాడు.

"తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టినట్టు," అన్నాడు. "అందులో కొంచెం నూనె. కొంచెం రాగి, చిల్లర పట్టుకున్న చేతిలా. నువ్వు ఆసుపత్రి డ్యూటీ నుంచి ఇంటికొచ్చినప్పుడు నీ దగ్గర ఈ వాసనే వచ్చేది."

ముప్ఫై ఏళ్ళలో ఆ మనిషి ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. కాకి దగ్గరికి రాగానే చెయ్యి చాచి పిడి కొంచెం వెనక్కి తిప్పాను, అది నెమ్మదించింది.

"మళ్ళీ చెప్పండి," అన్నాను.